పెద్దపండగ ఎవరి గుమ్మంలో? ఓల్డ్ సెటిల్‌మెంట్ తెలుగు కుటుంబాల మీదుగా ఒక సమీక్ష

పిల్లలు పెద్దవాళ్ళై, ఉద్యోగాలకు వెళ్ళి, పెళ్ళిళ్ళు చేసుకున్నాక ఇంటి పండగ ఏమవుతుంది? ఏటా సంక్రాంతి ముందు ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో మన పత్రికల్లోకి వస్తుంది. పోతోందని కొందరు బాధపడతారు. ఎక్కడికీ పోలేదు, రూపం మార్చుకుందని కొందరంటారు. ముందు పండగ చేసే ఆడవాళ్ళ నడుం సంగతి చూడమని ఇంకొందరు. ఎవరి మాటలోనూ అబద్ధం లేదు, అయినా చర్చ తెగదు. అందరూ సొంత ఇల్లూ సొంత ఊరూ ఉన్న కుటుంబాన్నే మనసులో పెట్టుకుని మాట్లాడడం ఇందుకు కారణమని నా అభిప్రాయం. తాతల ఇల్లు ఉన్నచోటే ఉంటుంది, వచ్చేవాళ్ళు వస్తారు, రానివాళ్ళు రారు అన్న లెక్కతో మొదలుపెడతారు. ఆ ఇల్లే మనది కాకపోతే?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఓల్డ్ సెటిల్‌మెంట్ అలాంటి చోటు. తరాలుగా తెలుగువాళ్ళు కాపురముంటున్న రైల్వే క్వార్టర్ల పేట అది. ఇల్లు ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతో పోతుంది. పండగను మాత్రం మనిషి వెంట తీసుకుపోవాలి. పాత వాదాల్లో ఏది ఎంతవరకు నిలుస్తుందో ఈ క్వార్టర్ల మధ్య నిలబడి చూస్తే బాగా తెలుస్తుంది.

పట్టాల వెంట వచ్చినవాళ్ళు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) కంపెనీ 1887లో ఏర్పడింది. 1900లో ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు రైలు కలిసింది. ఆ రోజుల్లోనే ఇక్కడ కంపెనీ వర్క్‌షాపు, దాని చుట్టూ కార్మికుల ఇళ్ళ వరసలు లేచాయి. 1902లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఉత్తర భాగం కూడా ఈ కంపెనీ చేతికి వచ్చింది. దాంతో అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెలు, ఖరగ్‌పూర్ వర్క్‌షాపు ఒకే యజమాని పట్టాల మీద చేరాయి. వాన తప్పిన ఏడు పల్లెలో చేసేదేముంది? రైలెక్కితే జీతముంది. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్లుగా ఉత్తరాంధ్ర మనుషులు ఇక్కడికి చేరారు. 1927లో ఖరగ్‌పూర్‌ను కుదిపేసిన సమ్మెల కాలంలో బి.ఎన్.ఆర్. కార్మిక ఉద్యమంలో బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి. గిరి పేరు ముందుకు రావడం యాదృచ్ఛికం కాదు.

1944 అక్టోబరు 1న కంపెనీ ప్రభుత్వపరమైంది. 1952లో తూర్పు రైల్వేలో కలిసి, 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వేగా విడివడింది. యజమానీ బోర్డు మీద పేరూ మారినా లోపల బతుకు తీరు పెద్దగా మారలేదు. సైరన్ కూయగానే డ్యూటీ, నెల తిరిగితే జీతం, పదవీ విరమణ దాకా క్వార్టరు.

పండగ చరిత్రను ఈ వలస చరిత్ర నుంచి విడదీయలేం. స్థూలంగా చెప్పాలంటే, తొలి తరానికి పండగ ఊళ్ళోనే. సెలవు దొరికితే రైలెక్కి వెళ్ళడం, దొరక్కపోతే డబ్బు పంపి ఊరుకోవడం. రెండో తరం క్వార్టర్లలోనే పుట్టింది. వాళ్ళకు భోగి మంట అంటే క్వార్టర్ల వరస మధ్య ఖాళీ జాగాలో వేసే మంట. ముగ్గు పెట్టడానికి పేడతో అలికిన వాకిలి లేదు, వరండా ముందు సిమెంటు చప్టా ఉంది. ధాన్యం ఇంటికి రాదు, గొడ్డూగోదా లేవు కాబట్టి కనుమ పశువుల పండగగా కాక గారెలూ మాంసమూ వండుకునే రోజుగా మిగిలింది. మూడో తరం విశాఖలో, హైదరాబాదులో, బెంగళూరులో, ఇంకా దూరదేశాల్లో ఉంది. ఇప్పటి చర్చంతా ఈ మూడో తరం గురించి. కాని పంటతో ముడిపడిన పండగను పంటనుంచి తెంచే పని మొదటి తరం రైలెక్కిన రోజే మొదలైపోయింది. ఈ తరమే పండగను పాడుచేసిందని నింద వేసేవాళ్ళు ఈ సంగతి మరచిపోతారు.

ఒకే తిథి, రెండు పండగలు

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పెరిగిన పిల్లవాడు పుట్టుకతోనే రెండు పంచాంగాల మధ్య ఉంటాడు. ఇంట్లో చాంద్రమానం, బయట బెంగాలీ సౌరమానం. ఉగాది నాడు బడి ఉంటుంది. బెంగాలీ కొత్త సంవత్సరానికి, ఏప్రిల్ నడిమిలో, సెలవు ఉంటుంది. సరస్వతి పూజ మనకు శరన్నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజు. బెంగాల్‌లో మాఘ శుద్ధ పంచమి. బడిలో పుస్తకాలు పెట్టి మొక్కేది మాఘంలోనే కాబట్టి పిల్లలకు చదువుల తల్లి పండగంటే అదే.

కొన్నిచోట్ల రెండూ ఒకే రోజున కలుస్తాయి. మన దీపావళి అమావాస్య బెంగాల్‌కు కాళీ పూజ రాత్రి. గోగుకాడలకు నూనెగుడ్డలు చుట్టి వెలిగించి, రాబోయే నాగులచవితిని తలుచుకుంటూ పిల్లలు తిప్పే దివిటీలు ఒక గుమ్మంలో వెలుగుతుంటే, పక్క వీధి పందిట్లో కాళి ముందు డప్పు మోగుతుంటుంది. మరో రెండు రోజులకు కార్తీక శుద్ధ విదియ. బెంగాలీ అక్కచెల్లెళ్ళు అన్నదమ్ముల నుదుట బొట్టు పెట్టే భాయ్ ఫోంటా అదే రోజు. మన భగినీహస్త భోజనమూ అదే తిథి. తెలుగు పల్లెల్లో దాదాపు మరుగున పడిన ఈ భోజనానికి, పొరుగింటి పండగ పక్కనే ఉండటంవల్ల ఇక్కడ మళ్ళీ ఊపిరి పోసుకునే వీలుంది.

సంక్రాంతి కలయిక అన్నిటికన్నా లోతైంది. మన ఇంట్లో తడి బియ్యప్పిండి, బెల్లప్పాకం కలిపి అరిసెలు. పొరుగింట అదే వారంలో బియ్యప్పిండి, ఖర్జూరపు బెల్లంతో పిఠే. మేదినీపూర్ ఎర్రనేల పల్లెల్లో అదే రోజుల్లో టుసు పరబ్. కొత్త బియ్యమూ కొత్త బెల్లమూ అందరివీ. వాటిని ఎలా కలపాలన్న దగ్గరే ఇళ్ళు వేరవుతాయి. ఉత్తరాంధ్ర ఇంటిని ప్రత్యేకంగా నిలబెట్టేది ఇంకొకటి ఉంది: పెద్దలకు పెట్టుకోవడం. చనిపోయినవాళ్ళ పేరున కొత్త బట్టలు, వంటకాలు పెట్టి, దణ్ణం పెట్టుకున్నాకే తక్కినవాళ్ళు కొత్త బట్ట కట్టడం. సంక్రాంతిని ఆ ప్రాంతంలో పెద్దపండగ అనడంలో ఈ అర్థమూ ఉంది. పెద్దయ్యాక పండగ ఎవరింట అన్న ప్రశ్నకు అసలు బరువు ఇక్కడే. అరిసెలు ఎక్కడైనా వండుకోవచ్చు. పోయిన పెద్దలు ఏ ఇంటికి వస్తారు?

నాలుగు దారుల ఆలోచన

పెద్దయ్యాక పండగ మారడం గురించి ఇప్పటిదాకా వచ్చిన ఆలోచనను నాలుగు దారులుగా చూడొచ్చు.

మొదటిది క్షీణవాదం. ఉమ్మడి కుటుంబం చెదిరింది, నగరం మింగింది, పండగ పలచబడింది అనే వాదం. ఎక్కువమంది మనసులో ఉన్నదిదే. దీని బలం నిజమైన నష్టబాధ. బలహీనత ఏమిటంటే, ఎప్పుడూ మారని ఒక పండగ ఒకప్పుడు ఉండేదని ముందే నమ్మేయడం. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తిరగేసినవాళ్ళకు ఆ నమ్మకం నిలవదు. ఆటలూ తిండీ బట్టా వేడుకలూ ప్రతి యుగంలోనూ మారుతూనే వచ్చాయి. కుటుంబం విషయంలోనూ అంతే. ఐ.పి. దేశాయ్ 1964లో గుజరాత్‌లోని మహువా పట్టణం మీద రాసిన అధ్యయనంలో, ఎ.ఎం. షా 1973 నాటి పుస్తకంలో ఒక తేడా చూపించారు. ఒకే కప్పు కింద ఉండటం వేరు, ఉమ్మడిగా ఉండటం వేరు. వేరు కాపురాలు పెట్టినా బాధ్యతలూ కర్మకాండలూ కలిపి చేసుకునేవాళ్ళు ఉమ్మడివాళ్ళే. ఈ లెక్కన పండగకు అందరూ చేరే కుటుంబం చెదిరిన కుటుంబం కాదు.

రెండోది రూపాంతరవాదం. మెకిమ్ మారియట్ 1955లో ఉత్తరభారతపు పల్లె కిషన్‌గఢీని చూసి, పెద్ద దేవతలు పల్లెలోకి దిగి ఊరి దేవతల పోలిక తెచ్చుకోవడం, ఊరి ఆచారాలు పైకెక్కి అందరివీ కావడం రెండూ జరుగుతాయన్నాడు. ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ 1983లో సంపాదకత్వం వహించిన వ్యాసాల సంపుటి ఇంకో అడుగు వేసింది. తాతల నాటివనుకునే సంప్రదాయాల్లో చాలా భాగం ఈమధ్య కట్టుకున్నవేనని చూపించింది. తెలంగాణలో బతుకమ్మ 2014లో రాష్ట్ర పండగ కావడాన్ని ఈ దారిలో చదివేవాళ్ళున్నారు. ఖరగ్‌పూర్‌లో దీనికి గట్టి సాక్ష్యం మాతా పూజ. ఉత్తరాంధ్ర అమ్మోరి పండగే ఇక్కడ తెలుగు పేటల్లో ఈ పేరుతో నిలబడింది. నెత్తిన ఘటాలు, పసుపు నీళ్ళు, వేపాకులు ఊరివే. పేరు ఈ నేలది. మశూచి తల్లిగా బెంగాల్ కొలిచే శీతలాదేవి, మన అమ్మోరు ఎప్పటినుంచో ఒకే భయానికి రెండు పేర్లు కాబట్టి ఇక్కడ ఒకరి గుమ్మంలోంచి ఇంకొకరు నడిచి రావడం కష్టం కాలేదు.

మూడోది కుటుంబ మనస్తత్వశాస్త్రం దారి. జేమ్స్ బొసార్డ్, ఎలినోర్ బోల్ 1950లో అమెరికా కుటుంబాల ఆనవాయితీల మీద పుస్తకం రాశారు. స్టీవెన్ వోలిన్, లిండా బెనెట్ 1984లో వాటిని మూడు రకాలు చేశారు: క్యాలెండరు పండగలు, ఆ ఇంటికే చెందిన వేడుకలు, రోజువారీ అలవాట్లు. వాళ్ళ పరిశోధనలో మన ప్రశ్నకు తగిలేది ఒకటుంది. తాగుడు వల్ల నలిగిన ఇళ్ళలో పెరిగిన పిల్లలు పెళ్ళయ్యాక, ఎవరి పుట్టింటినుంచి ఏ ఆనవాయితీ తీసుకోవాలో ఇద్దరూ కూర్చుని తెలిసి ఎంచుకున్నచోట ఆ దురవస్థ తర్వాతి తరానికి పాకడం తగ్గింది. అంటే పండగ దానంతటది వారసత్వంగా రాదు. కొత్త జంట దాన్ని కట్టుకోవాలి. మన దగ్గర ఈ ఎంపిక మగవాడి ఇంటి వైపు ముందే తీరిపోయి ఉంటుంది కాబట్టి, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడమన్నదే ఒక పెద్ద మార్పు.

నాలుగోది చాకిరీ దారి. మికాయెలా డి లియొనార్డో 1987లో కాలిఫోర్నియా ఇటాలియన్ కుటుంబాలను చూసి, చుట్టరికాలను నిలబెట్టడం ఒక పని, ఆ పని ఆడవాళ్ళు చేస్తారు, దాన్ని పనిగా ఎవరూ లెక్కించరు అని చెప్పింది. ఉత్తరాలు, కానుకలు, విందులు అన్నీ ఆ లెక్కలోవే. అరిసెల పాకం దగ్గర నిలబడ్డవాళ్ళకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. పిండి తడి ఆరకముందే జల్లించాలి. పాకం ముదరకముందే పిండి పొయ్యాలి. ఒకరు పోస్తుంటే ఒకరు తిప్పాలి. ఇంకొకరు వత్తాలి, మరొకరు చెక్కల మధ్య నూనె పిండాలి. క్వార్టర్ల వరసలో నాలుగిళ్ళ ఆడవాళ్ళు ఒకరింటి తర్వాత ఒకరింట చేరితేనే ఇది జరిగేది. అపార్ట్‌మెంట్‌లో ఒక్కతే ఉన్న కోడలు అరిసెలు కొనుక్కుంటే భక్తి తగ్గిందనడం అన్యాయం. తగ్గింది చేతుల సంఖ్య.

నాలుగు దారుల్లోనూ ఒక్కటి కొరవడింది. పండగ జరిగే ఇల్లు ఎవరి చేతిలో ఉంది, ఆ ఇంటికి చేరే దారి ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న. దీని దగ్గరిదాకా వచ్చిన పుస్తకం లారా బేర్ 2007లో ప్రచురించిన రైల్వే కార్మికుల అధ్యయనం. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీని దగ్గర్నుంచి చూసి, ముఖ్యంగా ఆంగ్లో-ఇండియన్ కుటుంబాల మీదుగా, రైల్వే కాగితాలు కుటుంబపు ఊహనే ఎలా మలిచాయో ఆమె రాసింది. తెలుగు పండగ ఆమె విషయం కాదు. కాని ఆ ప్రశ్ననే తెలుగు పండగ దగ్గరికి తెచ్చుకుంటే మసకగా ఉన్న చాలా సంగతులు కళ్ళకు కడతాయి.

పాసు, బోనసు, తాళంచెవి

రైల్వే ఉద్యోగికి కుటుంబంతో ప్రయాణించడానికి ఉచిత పాసులుంటాయి. ఐదేళ్ళ సర్వీసు దాటితే ఏడాదికి మూడు. ఆ పాసులో కుటుంబం అంటే ఎవరో నిబంధన చెబుతుంది. 21 ఏళ్ళు దాటిన కొడుకు, చదువుకుంటున్నవాడో వైకల్యం ఉన్నవాడో అయితే తప్ప, అందులో ఉండడు. కూతురు పెళ్ళయ్యేదాకా ఉంటుంది, ఆ తర్వాత మామూలుగా ఉండదు. పెద్దవాడవడం అంటే ఏమిటన్న దానికి సమాజశాస్త్రం ఎన్నో నిర్వచనాలిచ్చింది గాని, ఓల్డ్ సెటిల్‌మెంట్ ఇంట్లో అది ఒక రోజున కాగితం మీద కనబడుతుంది. నిన్నటిదాకా నాన్న పాసు మీద అమ్మమ్మగారి ఊరికి పండగకు వెళ్ళినవాడు ఇవాళ టికెట్ కొనుక్కోవాలి. ఖరగ్‌పూర్ నుంచి విశాఖకు రమారమి 760 కిలోమీటర్లు, ఒక రాత్రి ప్రయాణం. సంక్రాంతి వారంలో ఆ బెర్తు దొరకడమే గండం. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. దాంతో పండగకు ఎవరు వస్తారు, ఎవరు రారు అన్నది నవంబరు నడిమిలో ఒక ఉదయం తేలిపోతోంది.

బోనసు సంగతి చూద్దాం. రైల్వేలో ఉత్పాదకత బోనసు 1979-80 నుంచి ఉంది. ఇటీవలి ఏళ్ళలో 78 రోజుల వేతనం, నెలకు 7,000 రూపాయల పరిమితి లెక్కన 17,951 రూపాయలు. అది దసరాకు ముందు చేతికొస్తుంది. ఇంటిల్లిపాదికీ కొత్త బట్టలు కొనే డబ్బు దసరాకు వస్తే, కొత్త బట్టలు తప్పనిసరైన పెద్దపండగ మూడు నెలల తర్వాత. బడి సెలవులదీ అదే దారి. పశ్చిమ బెంగాల్ బళ్ళకు పెద్ద సెలవు దుర్గాపూజ నుంచి. సంక్రాంతికి ఆంధ్రలో ఉన్నట్టు వారం పైచిలుకు సెలవులు ఇక్కడ లేవు. కాబట్టి ఖరగ్‌పూర్ తెలుగు పిల్లల చిన్నతనంలో పెద్ద పండగ తెలియకుండానే దసరా అయింది. పందిళ్ళు తిరగడం, దశమి నాడు న్యూ సెటిల్‌మెంట్ మైదానంలో రావణ దహనం చూడటం, సెలవుల్లో ఊరికి వెళ్ళడం. విజయదశమి తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం కావడం విజయనగరం మూలాలున్నవాళ్ళకు కలిసొచ్చింది. పూజ సెలవుల్లోనే అమ్మవారి దర్శనమూ, చుట్టాల పలకరింపూ అయిపోయేవి.

ఆ పిల్లలు పెద్దవాళ్ళై విశాఖలోనో హైదరాబాదులోనో స్థిరపడగానే ఈ లెక్క తలకిందులవుతుంది. వాళ్ళ పిల్లల బడికి సంక్రాంతి సెలవులు పెద్దవి. చిన్నప్పుడు మనసుకు పట్టిన పండగ దసరా, ఇప్పుడు తీరిక దొరికే పండగ సంక్రాంతి. అమ్మానాన్నలేమో ఖరగ్‌పూర్‌లో ఉన్నారు. సంక్రాంతికి కొడుకు కోడలు పిల్లలతో బెంగాల్ వస్తే ఇక్కడ వీధి వీధంతా పండగలో ఉండదు. అందుకే నాన్న పాసు మీద అమ్మానాన్నలే పిల్లల ఊరికి బయల్దేరడం మొదలవుతుంది. వలస వెళ్ళినవాళ్ళు పండగకు ఇంటికి వస్తారనే మన అలవాటు మాటకు ఇది ఎదురు దారి. ఇక్కడ ఇల్లే రైలెక్కి పిల్లల దగ్గరికి పోతోంది. మూటలో అరిసెల చెక్కలు కూడా ఉంటాయి.

చివరిది తాళంచెవి. పదవీ విరమణ తర్వాత క్వార్టరును మామూలు అద్దె మీద నాలుగు నెలలు ఉంచుకోవచ్చు. ఎక్కువ అద్దె కట్టి మరో నాలుగు నెలలు. ఆపైన ఖాళీ చెయ్యాలి. ఒకప్పుడు ఈ దెబ్బ అంత గట్టిగా తగిలేది కాదు. కొడుకూ రైల్వేలో చేరి తండ్రితోనే ఉంటుంటే, నిబంధనలకు లోబడి ఆ క్వార్టరు అతని పేరుకు మారే వీలుండేది. తండ్రి ముందుగా విరమించుకుంటే కొడుక్కి ఉద్యోగమిచ్చే పథకం కూడా 2004 నుంచి కొన్ని తరగతులకు ఉండి, 2018లో రద్దయింది. ఆ వరసలో పండగ ఒకే గుమ్మంలో రెండు మూడు తరాలు జరిగేది. కొడుకు సాఫ్ట్‌వేరుకు వెళ్ళిన ఇంట్లో విరమణతోపాటు ఆ గుమ్మమూ పోతుంది. ముప్పై సంక్రాంతుల ముగ్గు పడిన చప్టా మీద వచ్చే ఏడు వేరేవాళ్ళ ముగ్గు ఉంటుంది. అప్పుడు మూడు దారులు. ఝపేటాపూర్, మలంచ వైపు సొంత ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోవడం. ఉత్తరాంధ్ర ఊరికి తిరిగి వెళ్ళడం. పిల్లల దగ్గరికి చేరడం. పండగ తర్వాతి రూపాన్ని విశ్వాసాలకన్నా, చదువులకన్నా ఈ మూడింట్లో ఏది ఎంచుకున్నారన్నదే ఎక్కువగా తేలుస్తుంది. నా తీర్పు ఇది: పిల్లల మనసు మారడంవల్ల పోయిన పండగలకన్నా, చేరడానికి గుమ్మం లేక చెదిరిన పండగలే ఇక్కడ ఎక్కువ.

సొంత ఇల్లు కట్టుకుని ఉండిపోయినవాళ్ళకు ఇంటి పండగ తగ్గినా పేట పండగ మిగిలింది. మాతా పూజ, బాలాజీ గుడి ఉత్సవాలు, వినాయక చవితి పందిళ్ళు, సెప్టెంబరు 17 ప్రాంతంలో వర్క్‌షాపు యంత్రాలకు జరిగే విశ్వకర్మ పూజ. వీటికి క్వార్టరు అక్కర్లేదు. పెద్దయ్యాక పిల్లలు ఏదో ఒక ఏడు ఖరగ్‌పూర్ రావడానికి అమ్మానాన్నల ఇల్లు కారణం కాకపోయినా, అమ్మోరు కారణం కాగలదు.

మిగతా చోట్ల తెలుగువాళ్ళు

మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు వైపు నుంచి చెరకు తోటలకు వెళ్ళినవాళ్ళ సంతతి సింహాద్రి అప్పన్నను, అమ్మోరిని ఇప్పటికీ కొలుస్తోంది. భాష చాలామంది నోట మాటగా లేకపోయినా పూజలో ఉంది. అమెరికాలో 1977లో ఏర్పడిన తానా వంటి సంఘాల పండగ తిథిని విడిచి శనివారాన్ని పట్టుకుంది. హైదరాబాదులోని కోస్తావాళ్ళది ఇంకో తీరు. సంక్రాంతి ముందు విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారు చూస్తే ఊళ్ళో ఇల్లు ఉండటం ఎంత పెద్ద సంగతో అర్థమవుతుంది. మారిషస్ తెలుగువాళ్ళకు రాజ్యం సెలవిచ్చింది, అమెరికా తెలుగువాళ్ళు సంఘం కట్టుకున్నారు, హైదరాబాదువాళ్ళకు ఊరి ఇల్లు ఉంది. ఖరగ్‌పూర్‌వాళ్ళకు ఈ మూడూ కొంచెం కొంచెమే. వాళ్ళకు నిండుగా ఉన్నది పొరుగు: పక్క పక్క గుమ్మాల్లో ఒకే యాస మాట్లాడే కుటుంబాలు. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయినప్పుడు వెంట తీసుకుపోలేనిదీ అదే.

ఇంకా తేలనివి

పెద్దలకు పెట్టుకునే చోటు మొదటి చిక్కు. అన్నదమ్ములు ముగ్గురు మూడు ఊళ్ళలో ఉంటే బట్టలు ఎవరింట పెట్టాలి? పెద్దకొడుకు ఇంట్లోనా, తల్లి ఉన్న ఇంట్లోనా, ఏటా ఒకరింటనా? కూతురే తల్లిదండ్రులను చూసుకుంటున్న ఇంట్లో ఆమె చేత్తో పెట్టకూడదనడానికి ఈ రోజుల్లో ఏం న్యాయం ఉంది? కూడదనేవాళ్ళు ఆచారం చెబుతారు, అన్నం ఎవరు పెట్టారో చెప్పరు.

రెండోది దుర్గాపూజ. పందిరికి వెళ్ళి, అంజలి పెట్టి, ఖిచురీ భోగం తిన్న పిల్లవాడు పెద్దయ్యాక హైదరాబాదులోనూ బెంగాలీ పూజ పందిరి వెతుక్కుంటూ వెళ్తే అది తెలుగుతనం తగ్గడమా, ఖరగ్‌పూర్‌తనం మిగలడమా? క్షీణవాదులు మొదటిదంటారు. నేను రెండో పక్షం. బాల్యంలో నిజంగా చేసిన పండగే మనిషి సంప్రదాయం. ఎన్నడూ చూడని పల్లె సంక్రాంతిని అతని మీద అప్పుగా వెయ్యలేం.

మూడోది భాష. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును అధికార భాషల్లో ఒకటిగా గుర్తించింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ ఏళ్ళ నాటి కోరిక అది. గుర్తింపు బడికి, ఉద్యోగ దరఖాస్తుకు ఉపయోగపడుతుంది. వంటింట్లో పాకం తీగ వచ్చిందా ఉండ వచ్చిందా అని అడిగే తెలుగును మనవళ్ళకు అందించే పని మాత్రం ప్రభుత్వాలది కాదు. అది పండగ రోజుల్లోనే జరుగుతుంది, ఆ రోజుల్లో అమ్మమ్మా మనవరాలూ ఒక పొయ్యి దగ్గర ఉంటేనే.

అందుకని ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పెరిగి ఇప్పుడు దూరాన ఉన్నవాళ్ళకు ఒక విన్నపం. నాన్న విరమణ తేదీ రైల్వే కాగితాల్లో ఎప్పుడో రాసి ఉంది. ఆ తేదీకి ముందు వచ్చే పెద్దపండగకు సెలవు పెట్టి, ఆ క్వార్టరుకే వెళ్ళండి. పెద్దల పేర్లు ఏ వరసలో చెబుతారో, ఎవరికి ఏ వంటకం పెడతారో, పిండి ఎన్ని గిద్దెలకు బెల్లం ఎంతో అమ్మ చెబుతుండగా తెలుగులో రాసుకోండి. విరమణ తర్వాత కొన్ని నెలలకే ఆ తాళంచెవి ఇంకొకరి చేతిలో ఉంటుంది.